గొలుసుకు గుచ్చని కార్డు

ఆ ఇంట్లో మనుషులకన్నా ముందు గొలుసు నిద్ర లేచేది. మాంసం కొట్టు యజమాని ఇంకా ఆవులిస్తూ ఉండగానే అతని నడుముకు వేలాడే ఉక్కు గొలుసు కదిలేది. ఆ చప్పుడును బట్టి ఆనాటి వాతావరణాన్ని పసిగట్టడం అతని భార్యకూ చెల్లెలికీ ఏళ్ళ తరబడి పట్టుబడిన విద్య. గలగలమని నెమ్మదిగా మోగితే మొహం కడుక్కోవడానికి వెళుతున్నాడని అర్థం. ఒక్కసారిగా ఝల్లుమంటే ఇద్దరిలో ఎవరికో మూడిందని అర్థం.

వీధిలో అతణ్ణి గొలుసాయన అనేవారు. ఆ గొలుసుకు కొట్టు తాళాలు, మాంసం నిలవ ఉంచే చల్లగది తాళం, ఇంటి తాళాలు ఉండేవి. వాటి నడుమ, మూలన బెజ్జం పడి, ఇంట్లోవాళ్ళ బ్యాంకు కార్డులన్నీ వేలాడేవి. ఇంటికి కొత్త కార్డు ఏది వచ్చినా ముందు అతని చేతికే రావాలి. బెల్టులకు బెజ్జాలు వేసే పట్టకారుతో దానికొక కన్నం పొడిచి, గొలుసుకు ఎక్కించుకుని, అప్పుడు నవ్వేవాడు. "ఇక ఇది నా నడుము దాటి ఎక్కడికీ పోదు" అనేవాడు.

ఈ ఆచారానికి ఒక పుట్టుక ఉంది. పెళ్ళయిన కొత్తలో అతని భార్య అడగకుండా ఒక జత చెప్పులు కొనుక్కుంది. గొలుసాయన ఆమెను దుకాణం ముందునుంచి ఇంటిదాకా జుట్టు పట్టుకుని, వట్టి కాళ్ళతో ఈడ్చుకుని వచ్చాడు. చెప్పులు మురుగుకాలవలో పడేశాడు. మర్నాడు ఆమె కార్డుకు బెజ్జం వేస్తుంటే ఆమె అడ్డుపడింది. అప్పుడు ఆమె చూపుడువేలిని పట్టకారు దవడల మధ్య పెట్టి నొక్కాడు. గోరు ఊడి మళ్ళీ వచ్చింది కాని, ఆ గోటి మీద గుండ్రని తెల్ల మచ్చ మాత్రం పోలేదు.

చెల్లెలు ఆసుపత్రి బట్టల గదిలో ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసేది. రక్తం, చీము అంటి వచ్చిన పక్కబట్టలు ఉతుకుడు పూర్తయ్యాక ఆమె దగ్గరికి చేరేవి. వాటిని కాలే పలకల మధ్య పరిచి, కాలి మీట తొక్కి, ఆవిరి వదిలి, ముడత లేకుండా తీసేది. అక్కడ అందరూ ఆమెను ఆవిరమ్మ అని పిలిచేవారు. వేళ్ళ కొనలు ఏనాడో కాలి నున్నబడిపోయాయి. ఆమెకు పెళ్ళి కాలేదు. సంబంధం మాటెత్తినవాళ్ళను అన్నగారే గుమ్మంలోంచి తరిమేవాడు. జీతం తెచ్చే చెల్లెల్ని పరాయి ఇంటికి పంపేంత అమాయకుడు కాడతను. జీతం పడిన సాయంత్రానికే ఆమె ఖాతా ఊడ్చి పెట్టేవాడు.

ఇలాంటి ఇంట్లో ఒక ఉదయం కత్తులు నూరే ఇనుప కడ్డీ కనిపించకుండా పోయింది.

"కడ్డీ ఏదే?" అని గొలుసాయన వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకేం తెలుసు? నీ కొట్టులోనే ఉంటుంది చూసుకో" అంది భార్య, వెనక్కి తిరక్కుండానే.

ఆమె చేసిన నేరం అదే, వెనక్కి తిరక్కపోవడం. గొలుసు ఝల్లుమంది. నడుమునుంచి ఊడదీసి, చేతికి ఒక చుట్టు చుట్టి విసిరాడు. తాళాలూ కార్డులూ కలిసిన గుత్తి, ఆమె అప్పుడే తిప్పిన మొహానికి ఎడమ కంటి మీద తగిలింది. ఆమె పొయ్యి గట్టు పట్టుకుని కిందకి జారిపోయింది. ఇనుప కడ్డీ అతని వెనక జేబులోనే ఉంది. అతడు దాన్ని తడుముకుని, "ముందే చెప్పొచ్చుగా" అని కొట్టులోకి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆమె ఏమీ చెప్పలేదు. మూడోనాడు పొద్దున్నే ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"పిల్లా, ఈ కంట్లో ఓ మూలనుంచి నల్ల తెర దిగుతోందే. నిన్న ఇక్కడిదాకా ఉంది. ఇవాళ ఇక్కడికొచ్చింది."

ఆవిరమ్మ వదినను వీధి చివరి కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పెద్ద వయసు మనిషి. కంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూసింది.

"కంటి వెనక పొర ఊడిపోతోంది. రేపు ఆపరేషన్ చేసి అతికిస్తే చూపు నిలుస్తుంది. ఇంకా ఆగితే ఈ కన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే. ఎలా తగిలిందమ్మా?"

"తలుపు తగిలిందండి."

డాక్టరమ్మ ఆమె చెంప మీది గాట్లను వేలితో చూపించింది. "మీ తలుపు తాళంచెవులతో సహా ఎగిరొచ్చిందా?"

వదిన తల దించుకుంది. ఆవిరమ్మ నోరు తెరవబోతే కాలు తొక్కింది.

ఆపరేషన్ ఖర్చు ముందే కట్టాలన్నారు. ఇద్దరూ ఇంటికి వచ్చారు. ఇల్లంటే కొట్టు వెనక రెండు గదులు. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా కొక్కేలకు వేలాడే మాంసాన్ని తప్పించుకుంటూ, నరికే మొద్దు పక్కనుంచే నడవాలి. వేరే దారి లేదు. గొలుసాయన మొద్దు మీద ఎముక పగలగొడుతూ విషయమంతా విన్నాడు.

"ఇంకో కన్నుందిగా?" అన్నాడు.

"అన్నయ్యా, నా కార్డు ఒక్క రోజు ఇవ్వు. లేదంటే నువ్వే వచ్చి కట్టు."

"వంటకి ఒక కన్ను చాలదా? నేను కళ్ళు మూసుకుని మేకని ఒలుస్తాను, చూస్తావా?"

"నువ్వు కొట్టిన దెబ్బే కదా అన్నయ్యా ఇది!"

కత్తి ఆగింది. అతడు మొద్దు చుట్టూ తిరిగి వచ్చి, ఇనుప కడ్డీతో ఆమె భుజం మీద ఒకటి, ముంజేతి మీద ఒకటి కొట్టాడు. కొట్టులో నిలబడ్డ కొనుగోలుదారు పైకప్పు కేసి చూశాడు. "నా చెయ్యి, నా పెళ్ళాం, మధ్యలో నీకేంటే?" అని మళ్ళీ మొద్దు దగ్గరికి వెళ్ళి, "మీకెంత కావాలన్నారు?" అని కొనుగోలుదారుణ్ణి అడిగాడు.

ఆ మధ్యాహ్నం బట్టల గదిలో ఆవిరమ్మ ఒంటి చేత్తో యంత్రం నడిపింది. ఆమె తీసిన దుప్పట్లను మడతపెట్టే మనిషిని అక్కడ మడతలక్క అంటారు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆవిరమ్మ చేతిలో ఉన్న ఫోను కూడా, తాను కొత్తది కొనుక్కున్నప్పుడు మడతలక్క ఇచ్చిన పాతదే. పనివేళలు చెప్పడానికి పైవాళ్ళు పిలుస్తారు కాబట్టి దాన్ని మాత్రం గొలుసాయన ఉండనిచ్చాడు. ఫోనంటే మాట్లాడుకునేది, కార్డంటే వేలాడేది అని అతని లెక్క.

టీ గదిలో మడతలక్క తన ఫోనును యంత్రానికి తాకించింది. అది కుయ్యిమంది. టీ వచ్చింది.

"నీ కార్డేది?" అంది ఆవిరమ్మ.

"ఇంట్లో ఉంది. ఏ డబ్బాలో పెట్టానో కూడా గుర్తులేదు."

"మరి ఇదెలా వచ్చింది?"

"ఫోన్లో కూర్చుందే తల్లీ! ఇన్నాళ్ళూ నేనేదో మంత్రం వేస్తున్నాననుకున్నావా?"

ఆవిరమ్మ టీ తాగలేదు. "ఊడ్చేసిన ఖాతా కార్డు ఫోన్లో ఉండి మాత్రం ఏం లాభం?" అంది.

"దానికే క్రెడిట్ కార్డు. ముందు వాళ్ళు కడతారు, తరవాత నువ్వు కడతావు. మన జీతాలు పడే బ్యాంకేగా, అక్కడికక్కడే చేతికిస్తారు. కానీ చూసి తీసుకో. అన్నీ ఫోన్లోకి ఎక్కవు. మా ఆయన రంగు చూసి తెచ్చాడు ఒకటి, అది తలుపు గడియ తియ్యడానికి తప్ప దేనికీ పనికిరాలేదు."

మర్నాడు బ్యాంకు తలుపు తీసేసరికి ఆవిరమ్మ మెట్ల మీద ఉంది. కార్డుల కౌంటరులో కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి ముందు బంగారు రంగు కార్డు బొమ్మ చూపించింది.

"ఇది తీసుకోండి మేడమ్. విమానాశ్రయంలో మెత్తటి కుర్చీల గది ఉచితం."

"నేను విమానం ఎక్కనమ్మా. ఇది ఫోన్లోకి ఎక్కుతుందా?"

"ఎక్కదండి. కార్డునే తాకించాలి."

"అయితే వద్దు."

"పోనీ ఈ నీలం రంగుది. ఫోన్లోకి వెళుతుంది. ఏదీ, మీ ఫోను చూపించండి. ఊహుఁ, మీ ఫోనును ఇది రానివ్వదు. ఫోను మార్చుకుంటే…"

"ఫోను మార్చే తీరిక లేదు. ఇంకోటి చెప్పు."

అమ్మాయి కాస్త మొహమాటపడింది. "ఈ బూడిద రంగుది ఉంది కానీ, దీనికి కానుకలేం రావు. పాయింట్లు లేవు. చూడ్డానికి కూడా బాగోదు. అందుకే ముందు చూపించలేదు."

"ఫోన్లోకి?"

"మీ ఫోన్లోకి ఇప్పుడే, ఇక్కడే ఎక్కిస్తాను."

"కార్డు నా దగ్గర లేకపోయినా పనిచేస్తుందా?"

"బీరువాలో పెట్టి తాళం వేసుకున్నా పనిచేస్తుంది."

"కార్డుకి ఎవరైనా బెజ్జం వేస్తే?"

అమ్మాయి నవ్వబోయింది. అంతలో బల్ల మీద ఆనించిన ముంజేతి మీద ఉబ్బి నల్లబడిన చార ఆమె కంటబడింది. నవ్వు ఆగిపోయింది.

"వేసినా సరేనండి," అంది మెల్లగా. "కార్డు పోయిందని మీరు మాకు చెప్పనంతవరకూ ఫోన్లోది బతికే ఉంటుంది. అన్నదమ్ములనుకోండి, ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరికి నొప్పెట్టదు."

"మా ఇంట్లో కూడా అంతేలే" అంది ఆవిరమ్మ.

ఆపరేషన్ ఖర్చుకు ఆ కార్డు చాలుతుందని, నెలనెలా తీర్చుకోవచ్చని, సందేశాలు ఆమె నంబరుకే వస్తాయని చెప్పి, అమ్మాయి కాగితాల మీద సంతకాలు చేయించుకుంది. ఫోనుకు తాళం పెట్టే దగ్గర చిక్కు వచ్చింది. నున్నబడిన వేళ్ళకు ముద్ర పడలేదు.

"మొహం చూపించండి, మిమ్మల్ని చూసి తెరుచుకుంటుంది. మొహం గుర్తుపట్టకపోతే అంకెలు నొక్కండి. ఏ అంకెలు పెడతారో నాకు చెప్పకండి."

నడవలో నీళ్ళ సీసాలు అమ్మే యంత్రానికి ఫోను తాకించింది ఆవిరమ్మ. కుయ్యిమంది. సీసా దబ్బున పడింది. ఆమె అక్కడే నిలబడి సీసా మొత్తం తాగేసింది. బయటికి వస్తూ, చేతిలో ఉన్న బూడిద రంగు కార్డును పారేద్దామా, దాచేద్దామా అని ఆలోచించి, రెండూ కాదనుకుని చేతిలోనే పట్టుకుని ఇంటికి నడిచింది. కొట్టు దాటించి వదినను బయటికి తేవాలంటే ఆ కార్డుతోనే పని ఉంది.

గొలుసాయన పక్కటెముకలు విడదీస్తున్నాడు. ఆవిరమ్మ కార్డును మొద్దు మీద, నెత్తుటి పక్కన పెట్టింది.

"ఏంటిది?"

"బ్యాంకులో ఇచ్చారు. కొత్త కార్డు. నీకివ్వాలిగా."

అతడు కార్డును అటూ ఇటూ తిప్పాడు. మొదట చేతి వెనకభాగంతో ఆమె దవడ మీద కొట్టాడు, అడగకుండా బ్యాంకుకు పోయినందుకు. తరవాత పట్టకారు తీసి, కార్డు మూలన బెజ్జం పొడిచాడు. గుండ్రటి బూడిద రంగు ముక్క నేల మీద పడింది. కార్డును గొలుసుకు ఎక్కించి, ఊపి, చప్పుడు విని సంతోషించాడు.

"ఇప్పటికి బుద్ధొచ్చింది" అన్నాడు.

"వదినకి తల తిరుగుతోందట. కాసేపు బయట గాలికి తిప్పుకొస్తాను."

"పొండి, పొండి. ఊరంతా తిరగండి. గాలికి డబ్బులడగరుగా!"

ఇద్దరూ మాంసం కొక్కేల కిందుగా తలలు వంచి వీధిలోకి వచ్చారు. వదినకు అప్పటికే ఎడమవైపు సగం కనిపించడం లేదు. ఆడపడుచు భుజం పట్టుకుని నడుస్తూ, "ఉత్త చేతులతో ఎక్కడికే?" అంది.

"చేతిలో ఫోనుందిగా. నడు వదినా."

కంటి ఆసుపత్రిలో పేరు రాసుకున్నారు. నర్సు ఆకుపచ్చ గౌను తెచ్చింది. డబ్బు కట్టే కిటికీ దగ్గర గుమాస్తా యంత్రం మీద అంకెలు కొడుతున్నాడు. అక్కడ కొట్టులో గొలుసాయనకు కత్తి ఆడిస్తుండగా ఒక ఆలోచన తగులుకుంది: అడగకుండా కార్డు తెచ్చినది, అడగకుండానే ఎందుకిచ్చింది? అంతే, కత్తి వదిలేసి, చేతులు కూడా కడుక్కోకుండా వీధి చివరి ఆసుపత్రికి బయలుదేరాడు.

ఆసుపత్రి తలుపు తోసుకుని లోపలికి వస్తూనే గొలుసు ఝల్లుమంది. కుర్చీలలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అతడు చెల్లెల్ని మెడ దగ్గర పట్టి గోడకు కొట్టాడు. తల గోడకు తగిలిన చప్పుడు గుమాస్తాకు కిటికీ లోపల వినిపించింది. చేతిసంచి లాక్కుని నేల మీద బోర్లించాడు. దువ్వెన, రుమాలు, సగం బిస్కట్టు పొట్లం పడ్డాయి.

"ఏదే? ఇంకో కార్డు ఎక్కడ దాచావ్?"

"ఏమీ లేదు. చూసుకో."

చూసుకున్నాడు. జేబులు తిప్పాడు, చెప్పులు విప్పించి చూశాడు. ఫోను ఆమె చేతిలోనే ఉంది. దాన్ని పక్కకు తోసి మరీ ఆమె నడుము దగ్గర వెతికాడు. ఏదీ దొరకలేదు. పిడికిలితో మొహం మీద రెండు దెబ్బలు వేశాడు. పెదవి చిట్లింది. ఒక కన్ను చూస్తూండగానే వాచి మూసుకుపోయింది.

"నాలుగు కార్డులూ ఇక్కడున్నాయి!" అని గొలుసును అందరికీ చూపించాడు. "దేంతో కడతావే? నీ మొహంతోనా?"

ఆవిరమ్మ ఫోనును మొహానికెదురుగా పట్టుకుంది. ఫోను ఆమెను గుర్తుపట్టలేదు. మళ్ళీ పట్టుకుంది. వాచిన కన్ను, పక్కకు జరిగిన పెదవి దానికి ఎవరివో అనిపించాయి. అంకెలు నొక్కబోతే నెత్తుటి తడికి వేలు జారింది. వదిన ఇది చూసింది, మిగిలిన కంటితోనే. కిందపడ్డ రుమాలు అందుకుని, మొగుడి చంక కిందుగా చెయ్యి చాపి, ఆడపడుచు వేలును గట్టిగా తుడిచింది. గొలుసాయన భార్య జుట్టు పట్టుకున్నాడు.

"పద ఇంటికి!"

గుమాస్తా కిటికీలోంచి యంత్రాన్ని చెయ్యి చాచినంత మేరా బయటికి పెట్టాడు. ఆవిరమ్మ అంకెలు నొక్కి, అన్న మోచేతి మీదుగా ఫోనును దానికి ఆనించింది.

కుయ్యిమంది. రసీదు బయటికి వచ్చింది.

"కట్టేశారు!" అని గుమాస్తా కేకపెట్టాడు. "లోపలికి తీసుకెళ్ళండి!"

నర్సు వదిన చెయ్యి అందుకుంది. గొలుసాయన గుప్పిట్లో కొంత జుట్టు మిగిలింది, మనిషి లోపలికి పోయింది, తలుపు పడింది. అతడు ఒక క్షణం ఆ జుట్టును చూశాడు. తరవాత కిటికీ మీదికి ఉరికాడు.

"కార్డు నా దగ్గరుంటే ఎలా కట్టించుకున్నావురా? వెనక్కి తియ్యి! ఇదిగో కార్డు, వెనక్కి తియ్యి!" అంటూ బూడిద రంగు కార్డును గొలుసుతో సహా యంత్రానికేసి రుద్దాడు. యంత్రం పలకలేదు. మళ్ళీ రుద్దాడు.

"కన్నం వేస్తే లోపల తీగ తెగిపోయుంటుందండి. అది ఇక తాకిస్తే పలకదు" అన్నాడు గుమాస్తా, కుర్చీతో సహా వెనక్కి జరుగుతూ.

గొలుసు గాలిలోకి లేచింది. మొదటి దెబ్బకు కిటికీ అద్దం పగిలింది. రెండో దెబ్బ అడ్డం వచ్చిన కాపలాదారు భుజం మీద పడింది. మూడోసారి ఎత్తినప్పుడు ఆవిరమ్మ ఆ గొలుసును రెండు చేతులతో పట్టుకుంది. రోజూ కాలే పలకల మధ్య తడి దుప్పట్లు లాగే చేతులవి. అతడు లాగాడు, ఆమె వదల్లేదు. కడుపులో తన్నాడు, అప్పుడూ వదల్లేదు. లాగుడుకు వలయం విచ్చుకుని, తాళాలూ కార్డులూ నేలంతా చెల్లాచెదరయ్యాయి. అతడు వాటికోసం వంగాడు. అలా వంగినప్పుడే కాపలాదారూ, కుర్చీలలోంచి లేచిన ఇద్దరు రోగుల బంధువులూ కలిసి అతణ్ణి నేలకు నొక్కిపట్టారు. గాజుపెంకుల మీద చెంప ఆనించి, "నా కార్డులు! ఎవరూ ముట్టుకోకండి!" అని పోలీసులు వచ్చేదాకా అరుస్తూనే ఉన్నాడు.

ఎలా తగిలిందని పోలీసు అడిగినప్పుడు ఆవిరమ్మ తలుపు మాట ఎత్తలేదు. ఆపరేషన్ అయ్యాక వదిన కూడా ఎత్తలేదు. ఇద్దరూ మొదటినుంచీ వరసగా చెప్పారు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. రాసుకునే మనిషి రెండోసారి కలం మార్చుకున్నాడు.

కాపలాదారు ఏరిన తాళాలనూ కార్డులనూ పోలీసులు తీసుకున్నారు. వదిన అడిగితే ఆమె కార్డును మాత్రం చూడనిచ్చారు. ఆమె దాన్ని మంచం మీద పెట్టుకుని, చూపుడువేలి గోటి మీది తెల్ల మచ్చను ఆ బెజ్జం పక్కన ఆనించింది. రెండూ ఒకే కొలత. కార్డు తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ కట్టు విప్పింది. ఆవిరమ్మ మంచం చివర నిలబడింది. రాత్రంతా కూర్చునే ఉండటంతో నడుము పట్టేసింది. మొహం ముందు రోజుకన్నా ఎక్కువ వాచింది.

"మెల్లగా తెరవమ్మా. ఇప్పుడే అన్నీ కనిపించవు. వెలుగు తెలుస్తోందా?"

"తెలుస్తోందండి. నీళ్ళలోంచి చూసినట్టుంది."

"ఎదురుగా ఎవరైనా ఉన్నారా?"

వదిన కుడికన్ను అరచేత్తో మూసుకుంది. అతికించిన కంటితో చాలాసేపు చూసింది.

"ఎవరో ఉన్నారు. మొహం గుమ్మడికాయంత ఉంది," అంది వదిన. "మా పిల్లేనండి. ఏమే, కూర్చోవే, ఎంతసేపలా నిలబడతావ్?"

ఆవిరమ్మ చిట్లిన పెదవితో నవ్వబోయి, నొప్పికి అబ్బా అని మంచం మీద కూలబడింది.